లెక్కకు రాని మరణాలు

పార్లమెంటు సమావేశాల రోజులలో మంత్రిత్వ శాఖలు సభల ముందుంచే లిఖితపూర్వక సమాధానాలను ఓపికతో చదివేవారికి దేశాన్ని గురించి చాలా సంగతులు బోధపడతాయి. వాటిలో చెప్పినవి కొన్ని అయితే, ఎవరూ అడగనందువల్ల చెప్పకుండా ఉండిపోయినవి అంతకంటె ఎక్కువ. 2022 జూలైలో అప్పటి రక్షణ శాఖ సహాయమంత్రి అజయ్ భట్ ఇచ్చిన సమాధానం ఇందుకు మంచి నిదర్శనం. అంతకు ముందు అయిదేళ్ళలో సాయుధ దళాలలో 819 మంది ఆత్మహత్య చేసుకున్నారని ఆయన తెలిపారు. వీరిలో 642 మంది సైన్యానికి, 148 మంది వైమానిక దళానికి, 29 మంది నౌకాదళానికి చెందినవారు. యుద్ధం లేని కాలంలో ఇంతమంది ఈ విధంగా మరణించడం ఏ ప్రభుత్వానికైనా ఆందోళన కలిగించవలసిన విషయమే.

అయితే ఆ 819 మందీ మరణించేనాటికి యూనిఫారంలో ఉన్నవారు. యూనిఫారం విప్పి ఇంటికి చేరిన తరువాత ఆత్మహత్య చేసుకున్న సైనికులు ఎందరు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల అంకె ఏదీ ఏటేటా ప్రజల ముందుకు రావడం లేదు. దేశంలో మాజీ సైనికులు పాతిక లక్షలకు పైగా ఉన్నారు. ఏటా సుమారు అరవై వేల మంది కొత్తగా వారిలో చేరుతున్నారు. వారి పింఛను ఎంతో, కాంటీనులో వారికి దక్కే సరుకు ఎంతో, ఉద్యోగాలలో వారి వాటా ఎంతో నిర్ణయించే ఉత్తర్వులు ఢిల్లీలో బీరువాల నిండా ఉన్నాయి. వారు జీవితం మీద ఎందుకు విరక్తి చెందుతున్నారో, ఎప్పుడు చెందుతున్నారో చెప్పే పత్రం మాత్రం కనబడదు.

2016 నాటి ఘటన

ఈ విషయం రాజధానిని ఒక్కసారి మాత్రం కుదిపివేసింది. 2016 నవంబరు 1వ తేదీన హర్యానాకు చెందిన ఒక మాజీ సుబేదారు ఢిల్లీ నడిబొడ్డున ఆత్మహత్య చేసుకున్నాడు. ‘ఒకే ర్యాంకు - ఒకే పింఛను’ అమలులో తనకు అన్యాయం జరిగిందన్నది ఆయన ఫిర్యాదు. ఆ పథకం కోసం 2015 జూన్ నుండి జంతర్ మంతర్ వద్ద మాజీ సైనికులు దీక్షలు సాగించిన మాట, ప్రభుత్వం అదే ఏడాది నవంబరులో ఉత్తర్వులు వెలువరించి 2014 జూలై 1 నుండి వర్తింపజేసిన మాట పాఠకులకు తెలిసినవే.

ఆ మరణం తరువాత రెండు రోజుల పాటు ఢిల్లీలో జరిగిన వ్యవహారాన్ని గుర్తు చేసుకోవడం అవసరం. మృతుని కుటుంబాన్ని పరామర్శించేందుకు ఆసుపత్రికి వెళ్ళిన రాహుల్ గాంధీని, ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్‌ను పోలీసులు నిర్బంధించారు. మాజీ సైన్యాధిపతి, అప్పటి కేంద్ర సహాయమంత్రి వి.కె. సింగ్ మృతుని మానసిక స్థితిపై విచారణ జరగాలన్నారు. బ్యాంకు లెక్కలో జరిగిన పొరపాటు వల్ల రావలసినంత మొత్తం రాలేదని రక్షణ శాఖ వివరణ ఇచ్చింది. ఢిల్లీ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. ప్రతిపక్షానికి ఒక ఆయుధం లభించింది. అధికార పక్షానికి ఒక సమాధానం దొరికింది. ఇటువంటి మరణాలు దేశంలో ఇంకెన్ని జరుగుతున్నాయి, వాటిని ఆపడమెట్లా అన్న ప్రశ్న మాత్రం ఆ కోలాహలంలో మరుగున పడింది.

ఆత్మహత్యకు ఒకే కారణం ఉండడం అరుదు. పింఛను ఒక్కటే కారణమని వాదించేవారూ, మనోవ్యాధి ఒక్కటే కారణమని కొట్టివేసేవారూ ఒకే పొరపాటు చేస్తున్నారు. కష్టం, అవమానం, ఏకాకితనం, వ్యాధి, అప్పు - ఇవి ఎట్లా కలిసి ఒక మనిషిని ఆ గట్టు మీదికి నెడతాయో తెలుసుకోవాలంటే ఒక మరణం చాలదు. వందల మరణాలను వరుసగా పెట్టి శ్రద్ధగా పరిశీలించాలి. మన దేశంలో జరగనిది ఆ పని.

లెక్కించిన దేశాల అనుభవం

అమెరికా ఈ పని ఆలస్యంగానే మొదలుపెట్టింది. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల నుండి తిరిగి వచ్చిన యువకుల మరణాలు పత్రికలకు ఎక్కిన తరువాతనే 2007లో అక్కడి కాంగ్రెసు ఒక చట్టం చేసింది. మాజీ సైనికుల కోసం ప్రత్యేక టెలిఫోను సహాయ కేంద్రమూ ఆ ఏడాదే వెలిసింది. 2012లో మాజీ సైనికుల వ్యవహారాల శాఖ రోజుకు సగటున 22 మంది ఆత్మహత్య చేసుకుంటున్నారని అంచనా వేసినా, ఆ అంచనాకు 21 రాష్ట్రాల మరణ పత్రాలే ఆధారం. విమర్శలు వచ్చిన మీదట ఆ శాఖ 1979 నుండి 2014 వరకు అన్ని రాష్ట్రాలకు చెందిన అయిదున్నర కోట్ల రికార్డులను మరణ పత్రాలతో పోల్చి చూసి, 2016లో కొత్త నివేదిక ప్రకటించింది. రోజుకు 20 మంది అని అందులో తేలింది.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి తేలింది. ఆ ఇరవై మందిలో ఆరుగురు మాత్రమే ఆ శాఖ వైద్య సేవలను ఇటీవల వినియోగించుకున్నవారు. తక్కిన పద్నాలుగురు ఆ శాఖ గడప తొక్కలేదు. ఆసుపత్రికి వచ్చినవారికి మందులివ్వడంతో బాధ్యత తీరదని, రానివారిని వెదకి పట్టుకోవాలని ప్రభుత్వానికి అప్పుడు అర్థమయింది. సైన్యం విడిచిన మొదటి ఏడాది మీద ప్రత్యేక శ్రద్ధ చూపాలని 2018 జనవరిలో అధ్యక్షుని ఉత్తర్వు వెలువడింది. ప్రాణాపాయ స్థితిలో ఉన్న మాజీ సైనికుడు ఏ ఆసుపత్రికి వెళ్ళినా అత్యవసర చికిత్స ఉచితంగా అందే ఏర్పాటు 2023 జనవరి నుండి అమలులోకి వచ్చింది. ఇంత చేసినా 2022లో 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారు. లెక్కించినంత మాత్రాన ప్రాణాలు నిలువవు. అయితే ఎక్కడ విఫలమవుతున్నామో తెలిసే మార్గం లెక్క ఒక్కటే. తన వైఫల్యాన్ని ఏటేటా అచ్చువేసి ప్రజల ముందుంచే ప్రభుత్వ శాఖ ఒకటి ప్రపంచంలో ఉన్నదనడానికి ఆ నివేదికలే సాక్ష్యం.

బ్రిటన్ అనుభవం మనకు మరింత దగ్గరగా తగిలేది. 1996 నుండి 2005 వరకు సైన్యం విడిచిన వారిని గురించి మాంచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రకటించిన అధ్యయనం ఒక విచిత్రమైన సత్యాన్ని బయటపెట్టింది. అధిక ప్రమాదం చిరకాలం సేవ చేసి, యుద్ధాలు చూసి వచ్చినవారిలో కాదు. ఇరవై నాలుగేళ్ళ లోపు వయసులో, కొద్దికాలం పనిచేసి, కింది ర్యాంకులలోనే బయటికి వచ్చిన కుర్రవాళ్ళలో అది కనిపించింది. ఆ వయసు యువకుల సాధారణ రేటు కంటె వీరిలో ఆత్మహత్యలు రెండు మూడు రెట్లు ఉన్నాయి. 2021 జనాభా లెక్కలలో ఇంగ్లండు, వేల్సు ప్రజలను ‘మీరెప్పుడైనా సాయుధ దళాలలో పనిచేశారా?’ అని మొదటిసారిగా అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో మాజీ సైనికుల ఆరోగ్యాన్ని, మరణాలను తక్కిన ప్రజలతో పోల్చి చూసే వీలు కలిగింది.

ఆస్ట్రేలియా 2021లో ఈ విషయంపై ఏకంగా ఒక రాయల్ కమిషన్‌నే నియమించింది. మరణించిన సైనికుల తల్లులు, భార్యలు ఏళ్ళ తరబడి సాగించిన పోరాటం దాని వెనుక ఉంది. 1997 నుండి 2021 వరకు సర్వీసులో ఉన్నవారు, విడిచినవారు కలిపి కనీసం 1,677 మంది ఆత్మహత్య చేసుకున్నారని కమిషన్ తేల్చింది. 2024 సెప్టెంబరులో సమర్పించిన తుది నివేదికలో 122 సిఫారసులు చేసింది. సర్వీసులో ఉన్న పురుషులలో ఆత్మహత్యల రేటు సాధారణ జనంలో కంటె తక్కువగా ఉండగా, సర్వీసు విడిచినవారిలో ఎక్కువగా ఉన్నట్లు అక్కడి గణాంకాలు చెబుతున్నాయి. పరిహారం కోసం పెట్టుకున్న దరఖాస్తులు నలభై వేలకు పైగా పరిష్కారం లేకుండా పడి ఉండడాన్ని కమిషన్ తన మధ్యంతర నివేదికలోనే తప్పుపట్టింది. కాగితం కదలకపోవడం కూడా మనిషి ప్రాణం మీదికి తెస్తుందని ఒక న్యాయవిచారణ సంస్థ అంగీకరించడం చిన్న విషయం కాదు.

ఈ మూడు దేశాలు వేరు వేరు మార్గాలలో నడిచి ఒక్కచోటికే చేరాయి. ప్రమాదం రణరంగంలో కంటె పటాలం గేటు దాటిన తరువాత ఎక్కువగా పొంచి ఉంటున్నది. లేచే వేళ, తినే వేళ, పక్కమంచం మీది మిత్రుడు, తనకొక పేరు, ఒక నంబరు, ఒక విలువ - ఇవన్నీ ఒక్కరోజులో పోతాయి. ఆ లోటును పూరించే ఏర్పాటు ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న.

ఢిల్లీ ఏమి చేస్తున్నది

మన ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. మాజీ సైనికుల వైద్య పథకం 2003 నుండి నడుస్తున్నది. వారి సంక్షేమానికి 2004లో రక్షణ మంత్రిత్వ శాఖలో ప్రత్యేక విభాగం ఏర్పడింది. సర్వీసులో ఉన్నవారి మానసిక ఒత్తిడిని ఢిల్లీలోని రక్షణ మనస్తత్వ పరిశోధనా సంస్థ అధ్యయనం చేస్తున్నది. యూనిట్లలో సలహాదారులు ఉన్నారు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి-మానస్ సేవకు 14416 నంబరుపై ఎవరైనా ఫోను చేయవచ్చు. సాయుధ దళాల కోసం దాని ప్రత్యేక కేంద్రం 2023 డిసెంబరులో పుణెలోని సైనిక వైద్య కళాశాలలో మొదలయింది. 2022 నవంబరులో వెలువడిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030 నాటికి ఈ మరణాలను పది శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకున్నది.

లక్ష్యం మంచిదే. కాని తగ్గినదీ పెరిగినదీ తెలిసేది ఎట్లా? దేశంలో ఆత్మహత్యల లెక్కలు చెప్పేది జాతీయ నేర రికార్డుల బ్యూరో. 2022లో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని ఆ సంస్థ ప్రకటించింది. మృతుల వృత్తులను కూడా వర్గాలుగా చూపుతుంది. అందులో ‘పదవీ విరమణ చేసినవారు’ అన్న వర్గం ఉంది. బడిపంతులు, గుమాస్తా, సైనికుడు అందరూ దాని కిందికే వస్తారు. పైగా మన జవాను ముప్పై అయిదు నలభై ఏళ్ళకే ఇంటికి వస్తాడు. హైదరాబాదులో ఏ బ్యాంకు గుమ్మం దగ్గరో తుపాకీ పట్టుకొని నిలబడితే అతడు ప్రైవేటు ఉద్యోగి. ఊరికి పోయి రెండెకరాలు దున్నుకుంటే రైతు. అతడు మరణిస్తే పోలీసు కానిస్టేబులు రాసుకునేది ఆ వృత్తినే. పదిహేడేళ్ళు దేశం సరిహద్దులో నిలిచిన సంగతి ఆ కాగితంలోకి ఎక్కదు.

నేపాల్ గూర్ఖాల సంగతి మరీ దూరం. మన సైన్యంలో పనిచేసి వెళ్ళిన పింఛనుదారులు ఆ దేశంలో లక్షకు పైగా ఉన్నారు. ఖాట్మండు, పోఖరా, ధరాన్‌లలో మన పింఛను కార్యాలయాలు ఉన్నాయి. మన జెండా కింద పోరాడిన ఆ మనిషి తన కొండపల్లెలో ఆత్మహత్య చేసుకుంటే మన నేర రికార్డుల బ్యూరోకు ఆ వార్త చేరే దారి లేదు.

నిజానికి ప్రతి పింఛనుదారుడి మరణమూ ప్రభుత్వానికి తెలుసు. ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల కార్యాలయం ఆ తేదీని నమోదు చేసి పింఛను నిలిపివేస్తుంది. కుటుంబ పింఛను మొదలుపెడుతుంది. ఎప్పుడు ఆపవలసి వచ్చిందో దానికి కచ్చితంగా తెలుసు. ఎందుకు ఆపవలసి వచ్చిందో తెలుసుకోవలసిన బాధ్యత మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

ఇటువంటి విషయాలలో మన వ్యవస్థకు మరొక బలహీనత ఉంది. ఢిల్లీలోని యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్‌లో జరిగిన ఒక అధ్యయనం సైనికులలో సగానికి పైగా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు కనిపిస్తున్నదని చెప్పగా, 2021 జనవరిలో ఆ సంగతి పత్రికలకు ఎక్కింది. నమూనా చిన్నదని సైన్యం ఆక్షేపించింది. ఆ ఆక్షేపణలో నిజం ఉండవచ్చు. అప్పుడు చేయవలసింది పెద్ద నమూనాతో మరో అధ్యయనం చేసి ఫలితాలను ప్రకటించడం. జరిగింది అది కాదు. ఆ సంస్థ తన అధ్యయనాన్ని ప్రజల కంటికి కనబడకుండా తొలగించింది. మనోధైర్యం దెబ్బతింటుందన్న భయంతో గాయాన్ని కప్పిపుచ్చితే గాయం మానదు.

చట్టం, కాగితం, నాలుగేళ్ళ కొలువు

2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తిని నేరస్థుడిగా కాక తీవ్రమైన ఒత్తిడికి లోనైనవాడిగా భావించాలని చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత పాత 309వ సెక్షనును తొలగించింది. కాని అదే సంహితలోని 226వ సెక్షను ప్రభుత్వోద్యోగి మీద ఒత్తిడి తెచ్చే ఉద్దేశంతో ఆత్మహత్యకు ప్రయత్నించినవారికి ఏడాది వరకు శిక్ష విధించవచ్చునంటున్నది. పింఛను కాగితం కోసం తిరిగి తిరిగి విసిగిన వృద్ధ సైనికుడు కార్యాలయం ముందు అటువంటి ప్రయత్నం చేస్తే అతడు రోగియా, దోషియా? చట్టం రెండు నోళ్ళతో మాట్లాడుతున్నది.

వైకల్య పింఛను వ్యవహారం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. సాయుధ దళాల ట్రిబ్యునల్ సైనికుడి పక్షాన తీర్పు చెప్పిన తరువాత కూడా ప్రభుత్వం పై కోర్టులకు వెళ్ళడం అలవాటుగా మారిందన్న ఫిర్యాదు పాతది. ఇటువంటి వ్యాజ్యాలను తగ్గించాలని రక్షణ మంత్రి నియమించిన నిపుణుల సంఘమే 2015లో సూచించింది. దరఖాస్తు పెండింగులో పడడం మనిషిని ఎంతగా కుంగదీస్తుందో ఆస్ట్రేలియా కమిషన్ చెప్పిన తరువాత, దీనిని వట్టి ఆర్థిక వ్యవహారంగా చూడడం తగదు.

ఇప్పుడు అగ్నివీరుల మాట. 2022 జూన్‌లో ప్రకటించిన పథకం ప్రకారం నాలుగేళ్ళ సేవ తరువాత నలుగురిలో ముగ్గురు ఇంటికి వెళ్ళవలసి ఉంటుంది. 2022 చివర, 2023 జనవరిలో శిక్షణకు చేరిన మొదటి జట్ల గడువు 2026 చివరి నుండి నిండుతుంది. వీరికి పింఛను లేదు. ప్రారంభోత్తర్వుల ప్రకారం మాజీ సైనికుల హోదా, ఆ హోదాతో వచ్చే వైద్య పథకం కూడా లేవు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసు, కొద్దికాలపు సేవ, కింది ర్యాంకు. బ్రిటిష్ అధ్యయనం ఏ వర్గాన్ని ప్రమాదకరమని వేలెత్తి చూపిందో సరిగ్గా ఆ వర్గాన్నే మనం ఏటా వేల సంఖ్యలో సృష్టించబోతున్నాము. బ్రిటన్‌లో జరిగినదే ఇక్కడా జరిగి తీరుతుందని ఈ విలేఖరి వాదించడం లేదు. మన కుటుంబ వ్యవస్థ వేరు, మన పల్లె వేరు. చేతికి వచ్చే సేవానిధి కొందరికి ఊతం కావచ్చు. కేంద్ర పోలీసు దళాలలో కొందరికి ఉద్యోగాలూ రావచ్చు. కాని హెచ్చరిక కళ్ళ ముందు ఉండగా, కనిపెట్టి చూసే ఏర్పాటు కూడా చేయకపోవడం క్షమింపరాని అలక్ష్యం.

చేయవలసిన పనులు

ఇందుకు కొత్త కమిషన్లు, కొత్త భవనాలు అక్కరలేదు. జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించి జాతీయ స్థాయి దత్తాంశ నిధికి వీలు కల్పించారు. పింఛను కార్యాలయం దగ్గరి మరణాల జాబితాను మరణ కారణాలతో పోల్చి, పేర్లు బయటపెట్టకుండా, ఏటా పార్లమెంటుకు ఒక నివేదిక సమర్పించడం అసాధ్యం కాదు. పింఛను లేని అగ్నివీరుల జాబితా సైన్యం దగ్గర ఉండనే ఉంటుంది. నేపాల్‌లోని మన కార్యాలయాలూ అక్కడి పింఛనుదారుల విషయంలో ఈ పని చేయవచ్చు. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా నిర్ణయించిన జనాభా లెక్కల వంటి మహాకార్యంలో బ్రిటన్ అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు చోటు కల్పించడం విజ్ఞత అవుతుంది.

రెండవది, మొదటి ఏడాది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఖర్చు పంచుకొని నడిపే సైనిక సంక్షేమ కార్యాలయాలు జిల్లాలలో ఉన్నాయి. అక్కడికి సైనికుడు సంతకాల కోసం వెళ్ళడమే గాని, అక్కడి నుండి ఒకరు అతడి ఇంటికి వచ్చి ‘ఎట్లా ఉన్నావు?’ అని అడిగే ఆచారం లేదు. బయటికి వచ్చిన ప్రతి జవానునూ మొదటి ఏడాదిలో కనీసం మూడు నాలుగు పర్యాయాలు పలకరించే బాధ్యతను, శిక్షణ పొందిన మాజీ సైనికులకే అప్పగించవచ్చు. జవాను మనసు జవాను దగ్గరే విప్పుతాడు. వైద్య పథకం పాలీక్లినిక్కులలో రక్తపోటుకు, మధుమేహానికి ఉన్నట్లే మనోవ్యాధికీ చికిత్స అందుబాటులో ఉండాలి. ఆ సేవ నాలుగేళ్ళు పనిచేసి వెళ్ళినవారికి కూడా వర్తించాలి.

మూడవది, కాగితం. పింఛను, వైకల్య పరిహారం దరఖాస్తులకు గడువు విధించి, గడువు దాటితే అధికారి జవాబు చెప్పుకోవలసిన స్థితి కల్పించాలి.

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మనం గర్వంగా ‘మిలటరీ మాధవరం’ అని పిలుచుకుంటాము. ఆ ఊరి నుండి తరతరాలుగా యువకులు సైన్యంలో చేరారు. శ్రీకాకుళం మొదలు రాయలసీమ వరకు, తెలంగాణ జిల్లాలలోనూ మాజీ సైనికులు లేని తాలూకా కనబడదు. వారిలో అత్యధికులు ధైర్యంగా, గౌరవంగా బతుకుతున్నవారే. వారికి కావలసింది జాలి కాదు. అయితే వారిలో ఎవరో ఒకరు ఒంటరిగా కుంగిపోతున్నప్పుడు ఆ సంగతి ఊరివారికంటె ముందుగా ప్రభుత్వానికి తెలియవలసిన అవసరం ఉంది.

సరిహద్దులో నేలకొరిగిన సైనికుల పేర్లు ఢిల్లీలో ఇండియా గేటు పక్కన 2019లో ఆవిష్కరించిన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద చెక్కించారు. అది మన ధర్మం, దానిని నెరవేర్చాము. గేటు దాటి ఇంటికి వెళ్ళి, ఇంట్లో ఓడిపోయినవారి పేర్లు ఏ గోడ మీదా అక్కరలేదు. వారి సంఖ్య ఒక నివేదికలోకి ఎక్కితే చాలు. తరువాతి ఏడు ఆ సంఖ్య తగ్గిందా అని అడిగే హక్కు పార్లమెంటుకు, పత్రికలకు, వారిని కన్న తల్లులకు దక్కుతుంది.